పాడే రాళ్ల సీమలో పాడకూడని బండ

రాళ్ల అంగడి పెద్దాయన నేను చూపించిన బండ మీదికి వంగి వేలి కణుపుతో కొట్టాడు. ఠంగుమంది. గోడకు ఆనించిన బండ గుడిగంట తమ్ముడిలా కాసేపు మోగి ఆగింది. "దీని మీద ఏం పెడ్తావప్పా?" అని అడిగాడు. రికార్డు ప్లేయరన్నాను. "ఇదే పాడ్తాంది. దీని మీద ఇంకో పాడేదాన్ని పెడితే రెండూ కొట్లాడుకుంటాయి" అని, పక్కనే దుమ్ముకొట్టుకుని ఉన్న మందపాటి కడప బండను కొట్టి చూపించాడు. టక్కుమని శబ్దం అక్కడికక్కడే చచ్చిపోయింది.

నాలుగు ఇంగ్లీషు పత్రికలు తిరగేసి, అద్దంలా మెరిసే నల్ల గ్రానైటు పలక కొందామని బళ్లారి ఊరి చివరి అంగడికి పోయిన నాకు ఆ పూట ఊరికే దొరికిన పాఠమది. బరువు వేరు, మూగతనం వేరు. రికార్డు ప్లేయరు కింద ఉండే రాయికి రెండూ కావాలి. బరువుంటే మూగతనం దానంతటదే వస్తుందనుకుని నాలాంటి వాళ్లు చాలామంది డబ్బు పారేసుకుంటారు.

నిజానికి ఈ పాఠం చెప్పడానికి బళ్లారి కంటే తగిన ఊరు లేదు. ఊరికి ఈశాన్యాన సంగనకల్లు, కప్పగల్లు గుట్టలున్నాయి. అక్కడ గ్రానైటు గుండ్ల గుట్టను చీల్చుకుని నల్లటి డోలరైటు రాతి వరస పైకి తేలి ఉంటుంది. కొత్తరాతియుగం మనుషులు ఆ నల్లరాళ్ల మీద మూపురాల ఎద్దులను చెక్కారు. కొన్ని రాళ్ల మీద ఎద్దులకు బదులు చిన్న చిన్న గుంటలుంటాయి. రాతితో కొట్టి కొట్టి పడ్డ గుంటలవి. వాటి మీద మళ్లీ రాతితో కొడితే బండ గంటలా మోగుతుంది. 1892లో ఫాసెట్ దొర ఈ గుట్ట మీది బొమ్మల గురించి రాశాడు. తర్వాత చాలాకాలం పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2004లో నికోల్ బోవిన్ అనే పురావస్తు పరిశోధకురాలు 'యాంటిక్విటీ' పత్రికలో రాసిన వ్యాసంతో ఆ మోగే రాళ్లు మళ్లీ లోకానికి వినిపించాయి. ఇక హంపీ విఠలాలయంలో మోగే స్తంభాల సంగతి చెప్పనక్కర్లేదు. 2021లో విజయనగర జిల్లా విడిపోయేదాకా అదీ బళ్లారి జిల్లాలోదే.

మన శిల్పులకు ఈ తేడా ఎప్పటినుంచో తెలుసు. శిల్పశాస్త్రం రాతిని దాని ధ్వనిని బట్టి పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని మూడుగా విడదీస్తుంది. దేవుడి విగ్రహానికి గంటలా మోగే రాయి కావాలి. ధ్వని లేని రాయి అడుగున పరవడానికి, పునాదికి. పేర్ల సంగతి ఈ కాలానికి ఎలా ఉన్నా, ఆ విభజనలో ఉన్న పనితనం చూడండి. పైన ఉండేది పాడాలి, కింద ఉండేది నోరు మూసుకోవాలి. రికార్డు ప్లేయరుకు చెప్పే సలహా కూడా అక్షరాలా ఇదే.

ఇంకొక తమాషా ఉంది. అంగళ్లలో 'బ్లాక్ గ్రానైటు' పేరుతో అమ్మే రాయి భూగర్భశాస్త్రం లెక్కన గ్రానైటే కాదు. చాలావరకు డోలరైటో, దాని దాయాది గాబ్రోనో. అంటే నేను కొనబోయింది కప్పగల్లు గుట్ట మీద మోగే రాయికి చుట్టమే. నున్నగా పాలిష్ పట్టించుకుని వచ్చిందంతే.

ఇంత చిన్న యంత్రానికి ఇంత హడావుడి ఎందుకని అడిగేవాళ్లకు గాడి సంగతి చెప్పాలి. ఎల్పీ రికార్డు మీది గాడి వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది, ఇంచుమించు తలవెంట్రుక మందం. ఆ గాడి గోడల మెలికల్లోనే సుశీలమ్మ గొంతు, వెనక వీణ, దాని వెనక తబలా అన్నీ ఇమిడి ఉన్నాయి. వాటిలో సన్నటి మెలికలు మైక్రానులో భాగాలు. ముల్లు వాటిని తడుముకుంటూ పోతే, ముల్లును పట్టుకుని ఉండే కార్ట్రిడ్జిలోంచి వచ్చే వోల్టేజి 3 నుంచి 5 మిల్లీవోల్టులు. సీడీ ప్లేయరు ఇచ్చేది 2 వోల్టులు. అంటే ముల్లు చెప్పేదాన్ని యాంప్లిఫయరు నాలుగు నుంచి ఆరేడు వందల రెట్లు పెంచితే గానీ సీడీతో సమానం కాదు. ముల్లుకు పాట ఏదో, పక్కవీధి లారీ అదురు ఏదో తెలియదు. రెండింటినీ ఒకే భక్తితో పైకి పంపుతుంది.

దానికి తోడు, 1954లో ఖాయమైన ఆర్ఐఏఏ పద్ధతి ప్రకారం రికార్డు మీద మంద్రస్వరాలను తగ్గించి చెక్కుతారు. గాడి మరీ వెడల్పు కాకుండా ఉండటానికి. వినేటప్పుడు యాంప్లిఫయరు వాటిని తిరిగి పెంచుతుంది. సెకనుకు 20 సార్లు, అంటే 20 హెర్ట్జ్ దగ్గర ఆ పెంపు మధ్యస్థాయి స్వరాల కంటే దాదాపు తొమ్మిది రెట్లు. భూమి అదురు సరిగ్గా ఆ కింది మెట్ల మీదే ఉంటుంది. అంటే పాటకోసం తెరిచిన తలుపులోంచి లారీ కూడా లోపలికి వచ్చేస్తుంది.

పాతకాలం గ్రామఫోనుకు ఈ బాధ లేదు. స్ప్రింగు చుట్టి వదిలితే, నూరు గ్రాములకు పైగా బరువుతో ఉక్కు ముల్లు ప్లేటును దున్నుకుంటూ పోయేది. అరుగు మీద పెట్టినా, ఎద్దులబండి మీద పెట్టినా పాడింది. ఈనాటి ముల్లు బరువు ఒకటిన్నర, రెండు గ్రాములు. సుకుమారం పెరిగిన కొద్దీ అలగడమూ పెరిగింది.

గ్రామఫోను మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. తెలుగు నాటకంలో పద్యాన్నీ పాటనూ గట్టిగా నిలబెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదిని సభ బళ్లారిదే. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభా ఇక్కడిదే. ధర్మవరం వారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946) మాత్రం నటుడు కథను ఆపి రాగం తీస్తూ నిలబడటాన్ని ఒప్పుకోలేదు. ఈ తగాదాలో గ్రామఫోను రాఘవ పక్షమని నాకనిపిస్తుంది. 78 వేగంతో తిరిగే పది అంగుళాల ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాలే. స్టేజీ మీద వన్స్‌మోరు మీద వన్స్‌మోరుతో సాగే పద్యం ప్లేటు మీద ఆ మూడు నిమిషాల్లో ముగియక తప్పలేదు. రాఘవ వాదించి సాధించలేని పొదుపును కంపెనీవాళ్లు గడియారంతో సాధించారు.

1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో చేరాయి. మ్యాపు మీద గీత పడింది కానీ ప్లేట్ల పెట్టెలో పడలేదు. ఇక్కడి తెలుగు ఇళ్లలో ఘంటసాల పక్కనే పి.బి.శ్రీనివాస్ ఉంటాడు. కాకినాడలో పుట్టి కన్నడంలో రాజ్‌కుమార్‌కు గొంతైన మనిషి ఆ పెట్టెలో ఉండకపోతేనే వింత. అట్లాంటి పెట్టె ఒకటి మా ఇంట్లోనూ ఉంది. దానికోసమే ఈ తంటాలన్నీ.

సరే, ప్లేయరు ఎక్కడ పెట్టాలి? ఇంగ్లీషు పుస్తకాలు మొదట చెప్పే శత్రువు అడుగుల చప్పుడు. వాళ్ల ఇళ్లలో నేలంటే దూలాల మీద పరిచిన చెక్క. మనిషి నడిస్తే ఊగుతుంది, ముల్లు గాడి దాటి ఎగురుతుంది. అందుకని ప్లేయరును నేల మీది బల్ల మీద కాకుండా గోడకు కొట్టిన అర మీద పెట్టమంటారు. మన సీమ ఇళ్లకు ఈ సలహా సగమే వర్తిస్తుంది. పాత మిద్దె ఇంట్లో నేలంటే గట్టిగా దిమ్మిస చేసిన మట్టి మీద పరిచిన బండలు. పిల్లలు గెంతులేసినా కదలదు. అదే కొత్త ఆర్‌సీసీ ఇంట్లో, మొదటి అంతస్తులో, పెద్ద హాలు మధ్య పెట్టి చూడండి. స్లాబు మధ్యభాగం అడుగు పడితే ఊగుతుంది. స్తంభానికి దగ్గరగా, గోడ వారగా జరిపితే ఊపు తగ్గుతుంది. అన్నిటికంటే కింది అంతస్తు మేలు.

మన శత్రువు వేరు. బళ్లారిలో రాత్రిపూట రోడ్డు పక్కన పడుకున్నవాళ్లకు అది చెప్పక్కర్లేదు. ఇనుపరాయి లారీ. 2011లో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లా గనులను ఆపించినప్పుడు ఊరికి ఏం జరిగిందన్నది పెద్ద కథ. కానీ కిటికీ అద్దాలు మోగడం ఆగిందని అప్పట్లో అందరూ గమనించారు. తర్వాత పరిమితులతో గనులు తెరుచుకున్నాయి. లారీలతో పాటు ఎర్రదుమ్మూ వచ్చింది, అది గాడిలో చేరితే చిటపటలు. మెత్తటి బ్రష్షు, మూత, అంతకు మించి దానికి మందు లేదు. లారీలు కాకపోతే రైలు. రైలు కాకపోతే పక్కింట్లో జీన్సు కుట్టే జూకీ మిషన్లు. వరసగా ఆరు మిషన్లు ఒకే గోడకు ఆనుకుని నడుస్తుంటే ఆ గోడ మీద అర కొట్టమని చెప్పే పుస్తకాన్ని ఏమనాలి?

లారీ అదురు గురించి ఒక లెక్క తెలుసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. బరువైన బండ్లు నేలలో పుట్టించే అదురు ఎక్కువగా 10 నుంచి 20 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ప్లేయరు చెయ్యి, దాని కొసన కార్ట్రిడ్జి కలిసి ఒక ఉయ్యాల లాంటివి. వాటికీ సొంత ఊపు ఒకటుంటుంది, బాగా జత కుదిరితే 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య. పాటకు కిందగా, వంకర తిరిగిన రికార్డు ఊపుకు పైగా ఉండాలని అలా ఎంచుతారు. దురదృష్టం కొద్దీ లారీ కూడా ఆ ఊపు దగ్గరికే వచ్చి ఉయ్యాలను తోస్తుంది. ఊగే ఉయ్యాలను సరైన తాళంలో వేలితో తోసినా చాలు, ఎంత పైకి పోతుందో పిల్లల్ని అడగండి.

ఇప్పుడు మెత్తల సంగతి. ప్లేయరు కింద రబ్బరు ముక్కలు పెడితే అదురు తగ్గుతుందని అందరూ అంటారు. తగ్గుతుంది, కానీ ఏ అదురు? స్ప్రింగు మీద బరువు పెట్టినప్పుడు అది ఎంత కుంగిందన్నదాన్ని బట్టి దాని సొంత ఊపు తేలుతుంది. మిల్లీమీటరు కుంగితే దాదాపు 16 హెర్ట్జ్. సెంటీమీటరు కుంగితే 5. రెండున్నర సెంటీమీటర్లు కుంగితే 3 చిల్లర. ఆ సొంత ఊపుకు సుమారు 1.4 రెట్లు దాటిన అదురునే అది ఆపగలదు. దాని చుట్టుపక్కల ఉన్న అదురును ఆపకపోగా పెంచుతుంది. కాబట్టి మిల్లీమీటరు మాత్రమే కుంగే గట్టి రబ్బరు బిళ్ల 22 హెర్ట్జ్ పైన పనికొస్తుంది. లారీ వచ్చే 10–20 దగ్గర మాత్రం అది లారీకే కొమ్ముకాస్తుంది. వేలకు వేలు పోసి కొన్న బిళ్లలు పెట్టాక చప్పుడు పెరిగిందని మొత్తుకునేవాళ్ల బాధకు కారణమిదే.

సెంటీమీటరుకు పైగా కుంగేవాటిలో చవకైనది మన దగ్గరే ఉంది: పాత సైకిల్ ట్యూబు. చిన్నపిల్లల సైకిల్‌ది అయితే మరీ మంచిది. సగం కంటే తక్కువ గాలి కొట్టి, చుట్టగా పరిచి, పైన బరువైన బండ పెట్టి, దాని మీద ప్లేయరు పెట్టాలి. గాలి ఎక్కువైతే గట్టిపడి రబ్బరు బిళ్లలా మారుతుంది. తక్కువైతే బండ ట్యూబును నొక్కి నేలకు తగులుతుంది. నాలుగైదు రోజులకోసారి గాలి చూసుకోవాలి, అదొక్కటే పీడ. చూడటానికి పొయ్యి దగ్గర కుండ కింది కుదురులా ఉంటుందని మా ఇంట్లో నవ్వారు. నవ్వినా తప్పు లేదు. కుండ దొర్లకుండా, అడుగు అరగకుండా గడ్డితో కుదురు అల్లిన చేతులకు ఈ సూత్రం పుస్తకంలో చదవకుండానే తెలుసు.

ప్లేయర్లు తయారుచేసేవాళ్లలోనూ రెండు మతాలున్నాయి. 1961లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన ఏఆర్ కంపెనీ ప్లేయరులో పళ్లేన్నీ చెయ్యినీ కలిపి ఒకే చట్రం మీద బిగించి, ఆ చట్రాన్ని మూడు స్ప్రింగుల మీద తేల్చాడు. పెట్టె అదిరినా పళ్లెం, చెయ్యి కలిసి కదులుతాయి కాబట్టి ముల్లుకు తేడా తెలియదు. స్కాట్లాండు వాళ్ల లిన్ సోండెక్ కూడా ఈ బాటే. రెండో మతం బరువును నమ్ముకున్నది. 1972 నాటి టెక్నిక్స్ ఎస్ఎల్-1200 దానికి పెద్ద పేరు, డిస్కోల్లో స్పీకర్ల మధ్య నిలబడింది. మీ దగ్గరున్నది ఏ మతమో చూసుకునే కింద బండ పెట్టాలి. స్ప్రింగుల ప్లేయరు కింద మళ్లీ ట్యూబు పెడితే రెండు ఉయ్యాలలు ఒకదాన్నొకటి ఊపుకుంటాయి. దానికి గట్టి గోడ అర చాలు. బరువు ప్లేయరుకు మాత్రం ట్యూబు గానీ, మెత్తటి స్ప్రింగులు గానీ వరం.

మా ఇంటికొస్తే, పాత మిద్దె కావడం మా అదృష్టం. రాతి గోడ రెండడుగుల పైచిలుకు మందం. హాల్లో వీధికి ఎదురు గోడలో ఒక పెద్ద అలమర. దాని అరలు కడప బండలే, మూడు పక్కలా గోడలోకి దించి కట్టినవి. వంటింట్లో బియ్యం డబ్బాలు మోసే అరలు చూశారుగా, అవే. బండ మూడు పక్కలా బిగుసుకుని ఉన్నప్పుడు మోగడానికి దానికి స్వేచ్ఛ ఉండదు. రాళ్ల పెద్దాయన చెప్పిన మూగతనం ఇల్లు కట్టిన మేస్త్రీ ఎనభై ఏళ్ల కిందటే గోడలో పెట్టి పోయాడు. ఆ అలమర లేనివాళ్లు రెండు కడప బండల మధ్య పాత కంబళి మడత పెట్టి జత చేసుకోవచ్చు. ఒకటి మోగబోతే రెండోది పట్టుకుంటుంది, మధ్యలో ఉన్ని ఆ మోతను మింగుతుంది. ఇంకా తీరికున్నవాళ్లు లోతు తక్కువ చెక్కపెట్టెలో ఆరబెట్టిన హగరి ఏటి ఇసుక పోసి దానిపైన బండ తేలేస్తారు. ఇసుక రేణువులు ఒకదానికొకటి ఒరుసుకుని అదురును వేడిగా మార్చేస్తాయి. తడి ఇసుక గడ్డకడుతుంది కాబట్టి పనికిరాదు.

పెట్టకూడని చోట్లు చెప్పడం తేలిక. గోద్రెజ్ బీరువా నెత్తి మీద పెట్టకండి, అది రేకు డప్పు. ఫ్రిజ్ మీద పెట్టకండి. స్పీకరు ఉన్న బల్ల మీద అసలు పెట్టకండి. స్పీకరు నుంచి బయల్దేరిన మంద్రం బల్లలోంచి ముల్లుకు, ముల్లు నుంచి మళ్లీ స్పీకరుకు, ఇలా తిరిగి తిరిగి చివరికి ఏనుగు ఘీంకారం అవుతుంది. గది మూలలు కూడా చెడ్డవే. మంద్రస్వరాల ఒత్తిడి మూలల్లో పేరుకుంటుంది. ప్లేయరు మూలకు దూరంగా, స్పీకర్లున్న గోడ కాకుండా పక్క గోడకు ఉండటం మంచిది.

ఏ చోటైనా ఖాయం చేసే ముందు రెండు పరీక్షలు. అక్కడ అంచుదాకా నీళ్లు పోసిన గాజుగ్లాసు పెట్టి, లారీ పోయేదాకా ఓపిగ్గా చూడాలి. నీటి మీద వలయాలు కనబడితే ముల్లుకు అంతకు ఎన్నో రెట్లు తెలుస్తుంది. రెండోది ప్లేయరు పెట్టాక. మోటారు ఆపేసి, తిరగని రికార్డు మీద ముల్లు దించి, రోజూ వినే మేరకు వాల్యూము పెంచి, బండ మీద వేలితో మెల్లగా తట్టాలి. స్పీకరులో ఎంత 'ధబ్' వినిపిస్తే అంత దారి తెరిచి ఉన్నట్టు. ఇంకా పెంచి చూడాలనిపిస్తే చెయ్యి వాల్యూము మీదే ఉంచుకోండి. ఏనుగు రాకముందే తగ్గించాలి.

మట్టం సంగతి మరవద్దు. మేస్త్రీల రసమట్టం చిన్నది ఒకటి కొని పళ్లెం మీద పెట్టాలి, పెట్టె మీద కాదు. తిరిగేది పళ్లెం కాబట్టి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి బుడగ నడిమికి రావాలి. ఒక పక్కకు వాలి ఉంటే చెయ్యి ఆ పక్కకే బరువు వేస్తుంది, ముల్లు గాడి గోడల్లో ఒకదాన్నే ఒరుసుకుంటుంది.

ఇక వైర్లు. ఇక్కడ నేను బోర్లాపడ్డాను. యాంప్లిఫయరు హాలు అవతలి మూలలో ఉంటే అందంగా ఉంటుందని, ఒక అంగట్లో వాళ్లు 'ఇంపోర్టెడ్' అని చెప్పిన ఐదు మీటర్ల కేబులు తెచ్చి ప్లేయరు నుంచి అక్కడికి లాగాను. ఖరీదు మాట అడక్కండి. జానకమ్మ గొంతులో 'స'కారాలు చెవిలో గుచ్చుకున్నాయి. తాళాల మెరుపు చచ్చిపోయింది. వెనకాల ఎక్కడో తేనెటీగల తుట్టె కదిలినట్టు హమ్మింగు.

తర్వాత చదివితే తెలిసింది. రెండు తీగలు పక్కపక్కన ఎంత దూరం నడిస్తే వాటి మధ్య అంత కెపాసిటెన్సు చేరుతుంది. మామూలు కేబులుకు మీటరుకు సుమారు 100 పికోఫారడులు. అందరూ వాడే మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జి లోపలి తీగచుట్టకు ఇండక్టెన్సు ఉంటుంది, దాదాపు అర హెన్రీ అనుకోండి. ఈ రెండూ కలిస్తే ఒక స్వరం దగ్గర గొంతు చించుకుని, ఆ పైవాటిని మింగేస్తాయి. కేబులు, యాంప్లిఫయరు రెండూ కలిపి మొత్తం 250 పికోఫారడులుంటే ఆ మలుపు 14,000 హెర్ట్జ్ దగ్గర. అక్కడ నాలాంటి వయసువాళ్లకు వినిపించేదే తక్కువ. 450కి పెరిగితే మలుపు 10,600కు దిగివస్తుంది. నా ఐదు మీటర్లతో ఇంకా కిందికి, సరిగ్గా సకారాలు బతికే వీధి వైపు దిగింది. చాలా కార్ట్రిడ్జీలు అడిగేది 100 నుంచి 300 లోపే. తమకెంత కావాలో డబ్బా మీదే రాసి ఉంటుంది, మనం చదవం.

కాబట్టి ప్లేయరు నుంచి ఫోనో స్టేజి (ముల్లు సంకేతాన్ని మొదట పెంచే భాగం) దాకా వైరు మీటరు, మహా అయితే మీటరున్నర. దూరం తప్పదనుకుంటే చిన్న ఫోనో స్టేజిని ప్లేయరు పక్కనే పెట్టి, అది బలపరిచిన సంకేతాన్ని అక్కణ్ణుంచి ఐదు మీటర్లు లాగినా ఫరవాలేదు. యాంప్లిఫయరు నుంచి స్పీకర్లకైతే ఇంకా నిశ్చింత. ఇంటి వైరింగుకు వాడే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పది మీటర్లు లాగితే, పోనూ రానూ కలిపి నిరోధం 0.14 ఓములే. ఎనిమిది ఓముల స్పీకరు ముందు అదెంత? సన్నటి సంకేతం దారి పొట్టిగా, బలమైన సంకేతం దారి పొడుగ్గా. బిందెడు నీళ్లను ఎంత దూరమైనా మోస్తాం, దోసిట్లో నీళ్లను పక్కన తులసికోట దాకానే కదా.

హమ్మింగు మన 50 హెర్ట్జ్ కరెంటు పాపం. ప్లేయరు వెనక రెండు సిగ్నల్ తీగలతో పాటు సన్నటి మూడో తీగ వేలాడుతుంటుంది, కొసన చిన్న కొండీతో. చాలామంది అది ఎందుకో తెలియక మడిచి కట్టేస్తారు. అది ఎర్తు తీగ, ఫోనో స్టేజి మరకు బిగించాలి. కార్ట్రిడ్జిని ట్రాన్స్‌ఫార్మరున్న పెట్టెలకు అడుగైనా దూరంగా ఉంచాలి. సిగ్నల్ వైరూ కరెంటు వైరూ జంటగా నడవకూడదు, దాటక తప్పకపోతే అడ్డంగా దాటాలి. ఫ్యాను రెగ్యులేటరు తిప్పినప్పుడు చప్పుడు మారుతుంటే దొంగ అదే.

వైరు గురించి ఎవరూ చెప్పని ఇంకొకటి. అంత కష్టపడి ట్యూబు మీద తేల్చిన ప్లేయరుకు, వెనక మందపాటి వైరు బిగుతుగా లాగి గోడకు మేకు కొడితే, అదురు ఆ వైరు మీద నడుచుకుంటూ వచ్చి చేరుతుంది. వైరుకు ఒక వదులు మెలిక ఉండాలి, బావి చేదతాడు చివర వదిలినట్టు. దానికోసం అలమర వెనక నాలుగు వేళ్ల చోటు వదలాలి.

అమెరికాలో పిల్లలున్నవాళ్లకు ఒక హెచ్చరిక కూడా. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్. కొన్ని ప్లేయర్లలో మోటారు వేగాన్ని ఆ లెక్కే నడుపుతుంది. అలాంటిదాన్ని ప్రేమగా తెచ్చి మన 50 హెర్ట్జ్ మీద పెడితే, వోల్టేజి సరిచేసే పెట్టె ఉన్నా సరే, నిమిషానికి 33⅓ తిరగాల్సింది 27.8 తిరుగుతుంది. ఘంటసాల నిద్రలో పాడినట్టుంటుంది. ఇక్కడి కరెంటుకు తగిన కప్పీ మార్చాలి. డీసీ మోటారు రకానికి ఈ చిక్కు లేదు.

ఇదంతా ఎందుకు, ఫోనులో ఏ పాటైనా దొరుకుతుందిగా అంటే నా దగ్గర వాదన లేదు. దొరుకుతుంది. ఒక్కటి మాత్రం చెప్పగలను. ముల్లు మార్చినప్పుడు వచ్చిన తేడా కంటే, కేబులు మార్చినప్పుడు వచ్చిన తేడా కంటే, ప్లేయరును చెక్కబల్ల మీంచి గోడ అలమరలోకి, ట్యూబు మీదికి మార్చినప్పుడు వచ్చిన తేడా పెద్దది. పాట వెనక ఇంతకాలం ఏదో పొగ ఉండేదని, అది పోయాకే తెలిసింది. మృదంగం మీద వేలు ఎక్కడ ఆగిందో వినబడింది. ఖర్చు: ట్యూబుకు గాలి.

అయితే ఆ అలమర ఖాళీగా లేదు. దేవుడి పటాలున్నాయి. "దేవుణ్ణి యాడ పెడ్తావురా?" అంది అమ్మ. మూడు నెలలు ఆ ఒక్క ప్రశ్న మీదే ఆగాం. చివరికి దేవుడు పై అరకు ఎక్కాడు, ఆయన ముందుండే సీరియల్ దీపాల అడాప్టరు వల్ల వచ్చిన హమ్మింగు పోవడానికి దాన్ని వేరే ప్లగ్గుకు మార్చాను. కింది అరలో ప్లేయరు. పొద్దున మొట్టమొదట ఘంటసాల భగవద్గీత ప్లేటే పెట్టాలన్నది అమ్మ షరతు. మొదటి లారీ వీధిలోకి వచ్చేది ఐదున్నరకు. మేము ఐదింటికి పెడుతున్నాం.